జెల్ల మాస్టారు నిలబెట్టిన నీళ్ళు

విశాఖలో ఈ మధ్య తాటిముంజెల్ని తోలు తీసేసి అమ్ముతున్నారు. ఇది నాకు నచ్చలేదు. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియక ఇంట్లో చెప్పాను. "ఉంటే తియ్యడానికి బద్ధకం, తీసిస్తే కోపం" అని మా ఆవిడ కేసు కొట్టేసింది. సిగ్నలు దగ్గర బండి మీద, ప్లాస్టిక్ డబ్బాల్లో, ఆపరేషనుకి సిద్ధం చేసిన రోగుల్లా వరసగా పడుకుని ఉంటాయి పాపం. ఇంటికి తెచ్చేలోపు వాటి నీరు డబ్బాలోకి దిగిపోతుంది. మిగిలినదాన్ని ముంజె అనడం మర్యాద కోసమే.

"ముంజెకి తోలు తీసి పెట్టడమంటే కుండకి అడుగు తీసి పెట్టడమే" అనేవారు మా జెల్ల మాస్టారు. ఆయన ఈ వేసవిలోనే పోయారు.

పలాస నుంచి ఓ పాత స్నేహితుడు ఫోను చేసి చెప్పాడు. కాలేజీ వాళ్ళ వాట్సాప్ గుంపులో నివాళి రాసే పని నా మీద పెట్టారు. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. ఆయన అసలు పేరు నాకు గుర్తు లేదు. ముగ్గుర్ని అడిగితే మూడు పేర్లు చెప్పారు. అందులో ఒకటి ప్రిన్సిపాలుది. ఆయన ఇంకా బతికే ఉన్నాడు. అందుకని నివాళిలోనూ పేరు రాయలేదు, ఇక్కడా రాయడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో కాశీబుగ్గలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. అంటే, చెబుతున్నానని అనుకునేవాణ్ణి. ఆయన నాకంటే బాగా పెద్ద. పొట్టి మనిషి. అందరికీ పెన్ను ఉండే జేబులో ఆయనకి చిన్న పట్టకారు ఉండేది. ఏ వస్తువు కనబడినా రెండు వేళ్ళతో పట్టుకుని లాగి చూడడం అలవాటు. హోటల్లో ఇడ్లీ వస్తే ముందు లాగేవారు. అది తెగిపోయేది. "దీనికి ఓపిక లేదు" అని, అప్పుడు తినేవారు. పరోటాని లాగి, "పరవాలేదు, సంసారపక్షం" అనేవారు. ఓసారి స్టాఫ్‌రూములో నా చెవితమ్మె పట్టుకుని లాగి, వదిలి, అది యథాస్థానానికి వెళ్ళడం చూసి తృప్తిగా తలాడించారు. మంచి మార్కులే వచ్చాయనుకుంటాను.

జాతరకి తీసుకెళ్తే అమ్మవారి దర్శనం అయ్యేదాకా ఆయన గుడి బయట జీళ్ళు చేసేవాడి దగ్గర ఉండేవారు. బెల్లంపాకాన్ని మేకుకి తగిలించి వాడు లాగుతుంటే, మడతపెట్టి మళ్ళీ లాగుతుంటే, మాస్టారు కచేరీ విన్నట్టు వినేవారు. ఆయన క్లాసు జీళ్ళపాకమని పిల్లలు ప్రిన్సిపాలుకి ఫిర్యాదు చేస్తే, ఆయనకి అది పొగడ్తలా వినిపించింది.

ఆయన వ్యసనం ఒక్కటే. "నీళ్ళని నిలబెట్టాలి బావూ" అనేవారు. గ్లాసులో నీళ్ళు గ్లాసు ఉన్నంతసేపే నిలబడతాయి. గ్లాసు తీసేసినా నిలబడాలి. "లాగితే సాగాలి. వదిలితే ఇంటికి రావాలి." ముంజె చూశావా, అంతా నీళ్ళే, అయినా అరచేతిలో నిలబడుతుంది. కానీ లాగితే చిట్లిపోతుంది. రబ్బరు సాగుతుంది, దానిలో చుక్క నీరుండదు. ఈ రెండింటికీ సంబంధం కుదర్చాలన్నది ఆయన తాపత్రయం. జపాను వాళ్ళెవరో ఒక వలలో ఇంకో వల అల్లినట్టు పోగులల్లి, మనిషి తొక్కినా చితకని జెల్లు చేశారని ఎక్కడో చదివి ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. మోకాలి చిప్ప కింద అరిగిపోయిన మెత్త బదులు అది పెట్టొచ్చు. కాలిన ఒంటికి చర్మంలా కప్పొచ్చు. కొబ్బరి మొదట్లో పాతితే వాన నీరు తాగి ఎండల్లో కొంచెం కొంచెం వదులుతుంది. ఈ ఉపయోగాలన్నీ ఆయన టీకొట్టు దగ్గర కూడా చెప్పేవారు. "సైకిల్ ట్యూబుకి పనికొస్తాదేటి మాస్టారూ?" అని అడిగేవారు అక్కడివాళ్ళు. పనికిరాదంటే, పాపం అని జాలిపడి టీ ఇప్పించేవారు.

దాని పేరు హైడ్రోజెల్. ఆ పేరే కొంప ముంచింది. మా తీరంలో జెల్ల అంటే చేప. జారుడు చేప, ముల్లు గుచ్చిందంటే రెండు రోజులు చెయ్యి ఎత్తనివ్వదు. మాస్టారు జెల్ల మీద పరిశోధన చేస్తున్నారని ఓ కుర్రాడు ఇంటికెళ్ళి చెప్పాడు. వాళ్ళది సముద్రం ఒడ్డున డొంకూరు. మర్నాడు వాడి తండ్రి గంప నెత్తిన పెట్టుకుని, బస్సులో అందరి చేతా తిట్లు తింటూ, నేరుగా కెమిస్ట్రీ ల్యాబుకి వచ్చాడు.

"మీరు జెల్ల ఎంత సాగుతాదో సూత్తన్నారంట గదా మాస్టారూ. సూడండి, పేణమున్నవే తెచ్చినాను."

మాస్టారు గంపలోకి చాలాసేపు చూశారు. నేను బీకరు వెనకాల మొహం దాచుకున్నాను. బీకరు గాజుదని తర్వాత గుర్తొచ్చింది.

"ఇది సాగదేమో మావా" అన్నారు మాస్టారు చివరికి.

"అదే సెప్దారని వచ్చినాను. సిన్నప్పట్నించీ పడతన్నాను, జెల్ల సాగదు మాస్టారూ. ఎంత లాగినా జారిపోద్ది తప్ప సాగదు. ఊరికే మీ ఒళ్ళు అలవగొట్టుకోకండి."

"నాదీ అదే కష్టం" అన్నారు మాస్టారు. ఆయన వెటకారంగా అనలేదు. ఆ రోజు దాకా ఆయన చేసినవన్నీ జారిపోయినవే. ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తను చేస్తున్నదేమిటో ఒక్క ముక్క చెప్పకుండా, వల రెండు పొరలుగా అల్లితే ఏమవుతుందని అడిగి మధ్యాహ్నం దాకా మాట్లాడారు. సాయంత్రం చేపలు ఇంటికి పట్టుకెళ్ళి పులుసు పెట్టించారు. మర్నాటినుంచి ఊరంతా జెల్ల మాస్టారనే పిలిచారు. ఆయన పలికారు. పలికాక ఇంక ఎవరేం చెయ్యగలరు?

ఆ పులుసు పెట్టినావిడ ఆయన అప్ప, అంటే అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. పలాసలో జీడిపప్పు బట్టీలో పని. మాస్టారు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనోసారి అడిగితే అప్పే జవాబు చెప్పింది. "పిల్లని సూడ్డానికెల్లి సెవట్టుకు లాగినాడనుకో, ఆళ్ళు ఊరుకుంటారేటి?"

కాల్చిన జీడిపిక్కని కొట్టి పప్పు తీసేటప్పుడు పెచ్చులోంచి చమురు చిమ్ముతుంది. చమురంటే వంటింట్లో చమురు కాదు, తగిలినచోట చర్మం నల్లబడి, పొక్కి, పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఆడవాళ్ళు చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటారు. అప్ప ఎన్నో ఏళ్ళుగా అలా కూర్చుంది. వేళ్ళ చివర్లు ఎండిన చెరువులా పగిలిపోయాయి. ఉప్పూకారం తగిలితే కళ్ళంట నీళ్ళొచ్చేవి. కాబట్టి ఆవిడ స్పూనుతో తినేది.

స్పూనుతో తినడం గొప్ప విషయమేం కాదు. కానీ అప్పకి అన్నమంటే కలుపుకోవడం. "స్పూనుతో తింటే మందు తాగినట్టుంటాది బావూ" అనేది. వాళ్ళు బాప్టిస్టు సంఘం వాళ్ళు. క్రిస్మస్‌కి చర్చి పందిట్లో ప్రేమవిందు ఉంటుంది. అందరూ నేల మీద వరసగా కూర్చుని విస్తరాకుల్లో తింటారు. ఒక ఏడాది అప్ప కొంగు చాటున స్పూను తెచ్చుకుంది. ఎదురు వరసలో ఒకావిడ చూసి, "ఓలమ్మ, మనోల్లల్లో దొరసాని తేలింది సూడండే" అంది. అంతా నవ్వారు. అప్ప కూడా నవ్వింది. ఆ తర్వాతి ఏడు తలనొప్పని వెళ్ళలేదు. ఆ పై ఏడు ఉపవాసమంది. క్రిస్మస్ రోజున ఉపవాసం ఏ సంఘంలోనూ లేదు.

అదీ సంగతి. మోకాలి చిప్పలూ కొబ్బరి తోటలూ మాస్టారు టీకొట్టుకి చెప్పే కబుర్లు. ఆయనకి కావలసింది పది వేళ్ళకి తొడుగులు. నూనెకీ నీళ్ళకీ పడదు కాబట్టి, నీళ్ళతో చేసిన తొడుగు జీడిచమురుని రానివ్వదు. సాగుతుంది కాబట్టి వేలు వంగుతుంది. వచ్చే క్రిస్మస్‌కి అప్ప పందిట్లో చేత్తో తినాలి. ఈ మాట ఆయన నాతో ఒక్కసారే అన్నారు, అదీ బ్లాక్‌బోర్డు తుడుస్తూ, అటు తిరిగి.

విశాఖలో బట్టలకి గంజి పెట్టడానికి వాడే ఓ తెల్లపొడి దొరుకుతుంది. దాన్ని వేడినీళ్ళలో కరిగించి, అచ్చులో పోసి, గడ్డకట్టించి, కరగనివ్వాలి. మళ్ళీ గడ్డకట్టించి, మళ్ళీ కరగనివ్వాలి. ఎన్నిసార్లు చేస్తే అంత గట్టిపడుతుంది. ఎందుకలాగ అని అడిగాను.

"మన జనరల్ బోగీ సూడు బావూ" అన్నారు. ఉత్సాహం వస్తే ఆయన భాష కంచిలి దగ్గర సొంతూరికి వెళ్ళిపోయేది. "పలాసలో ఎక్కినప్పుడు ఎవులికాళ్ళు వేరే. జనం తోసుకొచ్చి అందర్నీ ఓ మూలకి నొక్కీసినారనుకో. ఇచాపురం ఎల్లేసరికి సుట్టాలైపోతారు. జనం దిగిపోయినా ఆ సుట్టరికం పోదు. ఇక్కడ మంచు తోత్తాది. పోగులు ఒకదాన్నొకటి అట్టీసుకుంటాయి. మంచు కరిగినా వదలవు."

ఆ తర్వాత ఏ రైల్లోనైనా ఎవరైనా నా మీద పడితే హైడ్రోజెల్లే గుర్తొస్తుంది.

గడ్డకట్టించడానికి కాలేజీలో ఫ్రీజరు లేదు. బస్టాండు దగ్గర, అందరూ మావ అని పిలిచే కూల్‌డ్రింకుల కొట్టాయన దగ్గర ఉంది. ఐస్‌క్రీముల పక్కన ఓ మూల మాస్టారికి ఇచ్చాడు. కరిగించే బాధ్యత కరెంటు వాళ్ళు తీసుకున్నారు. ఆ రోజుల్లో మాకు కరెంటు వచ్చేటప్పుడే ఆశ్చర్యపోయేవాళ్ళం. పోయిన ప్రతిసారీ ఊరంతా తిడుతుంటే మాస్టారు మాత్రం చేతులు నులుముకుంటూ, "కరుగుతోంది, కరుగుతోంది" అనేవారు. కరెంటు కోత వల్ల విజ్ఞానం ముందుకెళ్ళిన సందర్భం మా జిల్లాలో అదొక్కటే అనుకుంటాను.

ఒక మధ్యాహ్నం మావ ఊళ్ళో లేడు. కొట్టులో కూర్చున్న బావమరిదికి ఆ మూల సంగతి తెలియదు. సోంపేట వెళ్ళే ప్రయాణికుడెవరో కొబ్బరి ఐస్‌క్రీము అడిగాడు. తెల్లగా, నిగనిగలాడుతూ ఉన్నది తీసి ఇచ్చాడు. మేము వెళ్ళేసరికి ఆ పెద్దమనిషి బెంచీ మీద కూర్చుని తీరిగ్గా నములుతున్నాడు. పళ్ళతో పట్టుకుని లాగితే జానెడు సాగి, మళ్ళీ పెదాల మీద టప్పుమని తగిలింది.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "తెగలేదు!" అన్నారు.

"కొబ్బరి ముదిరిపోనాదండి" అన్నాడు ప్రయాణికుడు. "అయినా బాగుంది. ఇంకోటి ఇప్పించండి."

మాస్టారు ఆయన్ని బతిమాలి మింగకుండా ఆపి, ఆ ముక్కని పట్టకారుతో తీసుకుని, కడిగి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూశారు. పంటి గాట్లు పడ్డాయి. చిరుగు మాత్రం లేదు. ఆయన పరిశోధనకి వచ్చిన మొదటి ప్రశంస, "ఇంకోటి ఇప్పించండి."

ఇంకా గట్టిపడాలంటే ఉప్పునీళ్ళలో ఊరెయ్యాలి. టెక్కలి దగ్గర నౌపడా ఉప్పుకొటార్లనుంచి కల్లుప్పు తెచ్చి, జాడీలో ఆవకాయ పెట్టినంత శ్రద్ధగా ఊరేశారు. పది తొడుగులూ తయారయ్యాయి. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక అప్పని అరుగు మీద కూర్చోబెట్టి, "సెయ్యియ్యి" అన్నారు.

"ఏటి, గాజులేత్తావేటి?" అంది అప్ప.

మొదటి తొడుగు బొటనవేలికి ఎక్కించారు. అప్ప పెట్టిన కేకకి ఎదురింటి కోళ్ళు గోడెక్కాయి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మనిషికి, పగిలిన వేళ్ళ మీద ఉప్పు పెడితే ఏమవుతుందో ఆ క్షణం దాకా తట్టలేదు.

"ఓరి నీ జెల్ల కాలిపోను! పుండు మీద ఉప్పెట్టడానికి ఇంత సదువు సదివీసినావేట్రా!"

మాస్టారు బిందె తెచ్చి ఆవిడ చెయ్యి ముంచి, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ఏ వస్తువునీ లాగి చూడలేదు.

తర్వాత వారమంతా తొడుగుల్ని మంచినీళ్ళు మార్చి మార్చి ఉప్పు వదిలేదాకా నానబెట్టారు. ఎండిపోకుండా కాస్త గ్లిజరిన్ కలిపారు. పొద్దున్న అప్ప బట్టీకి తొడుక్కెళ్ళాలని, సాయంత్రం వచ్చాక తనే పల్చటి జెల్లు బిళ్ళలు వేళ్ళకి చుట్టాలని ఏర్పాటు. నేను టీ వంకతో రోజూ వెళ్ళేవాణ్ణి. అరుగు మీద ఆయన ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని బిళ్ళ చుట్టి, దారం కట్టేవారు. గాజులు తొడిగేవాడిలాగే ఉండేది.

"పన్లో తొడుక్కున్నావా అప్పా?"

"ఊఁ."

"చమురు దిగిందా?"

"దిగనేదు."

"వేలు వంగుతోందా?"

"వంగకేటి. తొందరగా కట్రా, కుక్కర్లో పప్పు మాడిపోద్ది."

రోజులు గడిచేకొద్దీ వేళ్ళ పగుళ్ళు కూడుకున్నాయి. నల్లమరకలు వెలిసి, కింద నుంచి లేతచర్మం వచ్చింది. ఆవిడ వస్తే ముందుగా వచ్చే జీడిచమురు వాసన కూడా తగ్గింది. ఇదంతా నేను కళ్ళారా చూశాను. నేనూ సైన్సుని నమ్మడం మొదలుపెట్టాను. అంతవరకూ ఎకనామిక్స్‌నే నమ్మేవాణ్ణి కాదు.

క్రిస్మస్ వచ్చింది. ప్రేమవిందుకి మాస్టారు నన్నూ తీసుకెళ్ళారు. అప్ప వరసలో, ఆనాడు దొరసాని అన్నావిడకే ఎదురుగా కూర్చుంది. పులుసులో కారం మంట పుట్టిస్తుందేమోనని మాస్టారు ముందు జాగ్రత్తగా తొడుగులు తెచ్చి ఇచ్చారు. అప్ప కాదనలేదు. తొడుక్కుంది. అన్నంలో చేపలపులుసు పోశారు. కలిపింది. నీటితో చేసిన వస్తువు పులుసుని తాగుతుందన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు. తెల్లతొడుగులు అందరి కళ్ళముందే పసుపు పచ్చగా, తర్వాత ఎర్రగా మారాయి. పిల్లలు తినడం మానేసి చూస్తున్నారు. ఎదురుగా ఉన్నావిడ నోరు తెరిచింది.

ఆవిడ మాట బయటికి రాకముందే అప్ప తొడుగులు ఒక్కొక్కటీ ఊడదీసి, కరివేపాకులా ఆకు చివర పెట్టేసింది. ఉత్త చేత్తో అన్నం కలిపింది. ముద్ద చేసింది. తింది. ఆగి, వేళ్ళకేసి చూసుకుంది. ఇంకో ముద్ద కలిపింది.

"మంటగా ఉందేటప్పా?" అన్నారు మాస్టారు, అన్నం ముట్టకుండా.

"ఉప్పు తగ్గింది" అంది అప్ప.

మాస్టారు పక్కకి తిరిగారు. కళ్ళలో నీళ్ళు నిలబడ్డాయి. వాటికి గంజిపొడి అవసరం లేకపోయింది.

తొడుగులు ఓడిపోయాయని ఆయనే ఒప్పుకున్నారు. పులుసు తాగే తొడుగుని ఎవరు కొంటారు? కానీ బిళ్ళ గెలిచింది. పుండు మాన్పింది. తర్వాత ఎన్నేళ్ళు పాఠం చెప్పినా ప్రతి బ్యాచికీ ఆ కథ చెప్పేవారు. మోకాలు, కొబ్బరి, కాలిన గాయం అన్నీ చెప్పి, చివర్లో "మా అప్ప చేతులు" అనేవారు. అక్కడ గొంతు కొద్దిగా సాగేది, మళ్ళీ ఇంటికి వచ్చేది. ఆయన మొత్తం జీవితంలో నెగ్గిన ప్రయోగం అదొక్కటే. ఆయనకి అది చాలింది.

కబురు తెలిశాక వెళ్ళాను. అప్ప ఇప్పుడు కంచిలి దగ్గర సొంతూళ్ళో ఉంటోంది. దారిలో తోలు తియ్యని ముంజెలు దొరికాయి, పట్టుకెళ్ళాను. జీడితోట అంచున చిన్న ఇల్లు. అప్ప బాగా వంగిపోయింది. నన్ను చూసి ఏడవలేదు. "ఎండన పడి వచ్చినావు, కూకో" అని, ముంజెలు ఒళ్ళో పెట్టుకుని తోలు తియ్యడం మొదలుపెట్టింది.

ఇలాంటి చోట ఏం మాట్లాడాలో నాకెప్పుడూ తెలియదు. జోకులు వెయ్యకూడదు, మిగతావి నాకు రావు. ఆవిడ వేళ్ళు చూస్తూ అన్నాను.

"మాస్టారు ఏ క్లాసులో అయినా మీ చేతుల గురించే చెప్పేవారప్పా. ఎవరేమన్నా, మీ చేతులు మాన్పారు. పోయేముందు కూడా అదే తల్చుకున్నారట."

"ఊఁ. నాతోటీ అన్నాడు." ముంజె ఒకటి తోలు తీసి నా చేతిలో పెట్టింది. "ఆడికి సెప్పనేదు. ఇప్పుడింక ఇనడు గదా, నీకు సెప్తాను. ఆ ఏడు వానలు ఎనకబట్టిన కాణ్ణించి కిరస్మసు దాకా నాను పిక్క కొట్టనేదు. మేత్తిరిని బతిమాలుకుని పప్పు ఏరే కాడ కూకున్నాను. అక్కడ సమురుండదు."

"మరి తొడుగులు?"

"అవేసుకుంటే పప్పు సేతికి తెలీదు బావూ, ఇరిగిపోద్ది. మొదట్రోజే తీసీసినాను. టిఫినీలో ఎట్టుకెల్లి టిఫినీలో తెచ్చీదాన్ని."

"కానీ రోజూ సాయంత్రం ఆ బిళ్ళలు..."

అప్ప ఇంకో ముంజె తీసుకుంది. గోటితో తోలు గిల్లి, దాని నీరు చుక్క కూడా పోకుండా, మెల్లగా ఒలుస్తూ, తలెత్తకుండానే అంది.

"పిక్క కొట్టడం మానీత్తే ఎవులి సేతులైనా మాన్తాయి."